వంతుల కోకు

పొద్దున లేవగానే చీపురు తీసుకుని నా గుమ్మం ముందు ఊడ్చి, ఆ చెత్తను ఫెలిసియా గుమ్మం ముందుకు తోసెయ్యడం ఒకప్పుడు నా అలవాటు. ఫెలిసియా దాన్ని అబ్లా అవ్వ గుమ్మం ముందుకు తోసేది. అవ్వ ఎదురు గదుల వైపు తోసేది. పొద్దుగూకేసరికి లోగిలి చుట్టూ తిరిగి అదే చెత్త, అవే మామిడాకులు క్షేమంగా నా గుమ్మానికి వచ్చి చేరేవి. ఎవరి ముందు వాళ్లం శుభ్రంగా ఊడ్చుకున్నామన్న తృప్తి అందరికీ ఉండేది. చెత్తకి కూడా నాలుగిళ్లు చూసొచ్చిన తృప్తి ఉండేదేమో.

ఇప్పుడా సుఖం లేదు. దానికి కారణం మా మూలగదిలో ఉండే జర్మనీ ఆయన. ఆయనకున్నది ఒకే ఒక్క పిచ్చి. తాగుడు కాదు, జూదం కాదు. వంతు.

ఆయన అసలు పేరు వెండెలిన్. మా హో పట్నంలో వడ్రంగం నేర్పే బడికి మేష్టారుగా వచ్చాడు. ఉద్యోగం అయిపోయాక మిగతా తెల్లవాళ్లంతా పెట్టె సర్దుకుని విమానం ఎక్కితే, ఈయన పెట్టె సర్దుకుని మా లోగిట్లో దిగాడు. దిగిన రోజే అబ్లా అవ్వ అడిగింది.

"ఏ వారం పుట్టావయ్యా?"

"బుధవారం. తెల్లవారుజామున. వాన పడుతోంది. మంత్రసాని మా వంతు తప్పించి ముందు పక్కింటికి వెళ్లిందట." ఆ కోపం ఆయనకింకా పోలేదు.

"వానా మంత్రసానీ మాకెందుకు నాయనా. బుధవారం చాలు. ఆ వారం పుట్టిన మగవాడు మాకు కోకు."

అలా ఆయన మాకు ఎఫో కోకు అయ్యాడు. ఎఫో అంటే అన్న. కోకు ముందు 'వంతుల' అనే మాటను ఊరు చేర్చింది.

వచ్చిన కొత్తల్లోనే మా చెత్త ప్రయాణం కనిపెట్టాడు. ఒక మామిడాకు మీద సుద్దతో గుర్తు పెట్టి, కుర్చీ వేసుకుని రోజంతా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి అది మళ్లీ తన గుమ్మం ముందే కనబడేసరికి లేచి నిలబడ్డాడు.

"ఇది ఊడవడం కాదు. ఊరేగింపు!"

మర్నాటికి నున్నగా చిత్రిక పట్టిన చెక్క పలక ఒకటి తయారుచేశాడు. చదువురాని నాలాంటి వాళ్ల కోసం దాని మీద చీపురు బొమ్మ చెక్కాడు. పైన తాడు కట్టాడు. "ఇది ఎవరి తలుపు మీద వేలాడితే ఆ వారం లోగిలంతా వాళ్లే ఊడవాలి. ఆదివారం పలక పక్క తలుపుకి పోతుంది" అన్నాడు.

"మగాళ్ల తలుపుకి కూడానా?" ఫెలిసియా నోరు నొక్కుకుంది.

"తలుపుకి ఆడా మగా ఏముంది?"

మగవాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారు. మా ఆయన అగ్బెకో మాత్రం పగలబడి నవ్వాడు. "నాకేం ఇబ్బంది లేదెఫో. నా తలుపూ జిగ్బోడి తలుపూ ఒకటేగా!" అని వ్యాను తోలుకుంటూ పోయాడు. జిగ్బోడి అంటే నేనే. మా ఆయన వంతు ఎవరు ఊడ్చారో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పిచ్చి ఎక్కడ తగులుకుందని అవ్వ ఒకసారి నిలదీసింది.

"మా ఊళ్లో ప్రతి మేడకీ ఇదే పద్ధతి అవ్వా. మెట్లు ఊడవడానికి వారానికొకరి వంతు. మా అమ్మ వంతు వస్తే పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చునేది. మెట్ల మీద ఒక్క నలుసు ఉండేది కాదు."

"ఊడ్చాక కదా?"

"ఊడవకముందు కూడా."

"మరి ఏం ఊడ్చేది?"

"మెట్లు."

"నలుసు లేకుండానే?"

"వంతు ఉంది కదా! ఎదురింటావిడ తెర చాటు నుంచి చూస్తుంటే రెండుసార్లు ఊడ్చేది."

అవ్వ ఆయన వైపు జాలిగా చూసింది. "పాపం, ఎంత పేద దేశమో. ఊడ్చుకోవడానికి దుమ్ము కూడా లేదు" అని నాతో అంది.

మా దగ్గర ఆ కరువు లేదు. ఎడారి గాలి వీచే రోజుల్లో ముందు ఊడుస్తుంటే వెనక దుమ్ము పడుతుంది. అయినా ఆయన ఆగడు. వంగడు కూడా. మా ఈనెల చీపుళ్లు పొట్టివి, నడుం వంచి ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని ఊడవాలి. "మనిషి వంగడానికి పుట్టలేదు, కర్ర పొడుగు చేసుకోవడానికి పుట్టాడు" అని ఆయన చీపురుని గెడకర్రకి బిగించాడు. నిటారుగా నిలబడి, ఒకే దిక్కుకి లాక్కుంటూ పోయేవాడు. నేల మీద సన్నటి తిన్నని గీతలు పడేవి, నూనె రాసి దువ్విన తలలా. దాని మీద అడుగు వెయ్యాలంటే మనుషులకే భయం. ఫెలిసియా కోడి కూడా గోడ వారనే నడిచేది.

నా చీపురైతే అరచందమామలు గీస్తుంది, ఒకదాని మీద ఒకటి, చేప పొలుసుల్లా. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజున అవ్వ చీపురు చేతికిచ్చి, ఆ గీత ఎలా వెయ్యాలో చూపించింది. "ఈ వాకిలి ఊడ్చినన్నాళ్లూ నువ్వు ఈ ఇంటి మనిషివి" అంది. అది మా ఇంటి మాట, తాతల నాటిది.

ఎఫో కోకు తప్పులు చెయ్యలేదని కాదు. ఒకనాడు దీపాలు పెట్టాక, వంతు మిగిలిపోయిందని చీపురు తీశాడు. అవ్వ గదిలోంచి దూకినంత పని చేసి గెడకర్ర లాక్కుంది. "చీకటి పడ్డాక ఊడుస్తావా? మా అదృష్టాన్ని వీధిలోకి తోసేద్దామనా?" ఆయన హడలిపోయి, వీధిలోకి పోయిన దుమ్మునంతా చేటలోకి ఎత్తి మళ్లీ లోగిట్లో పోశాడు. "ఏది అదృష్టమో ఏది దుమ్మో తెలియలేదు, అంతా తెచ్చేశాను" అన్నాడు.

పొద్దున్నే ఒకరినొకరు పలకరించుకోవడం మాకు పెద్ద తతంగం. ఇంట్లోవాళ్లెలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు, ఊరెళ్లినవాళ్లెలా ఉన్నారు, అన్నీ అడగాలి, అన్నీ చెప్పాలి. ఇదంతా చూసి ఎఫో కోకు ఒక ఉపాయం చెప్పాడు. "రోజుకొకరు అందరి తరఫునా అడిగితే సరిపోతుంది కదా?"

"మేం బతికున్నామో లేదో అడగడానికి కూడా వంతేనా!" అని అవ్వ రెండు రోజులు ఆయన పలకరింపుకి జవాబివ్వలేదు. తన వంతు కాదంది.

కుళాయి దగ్గర ఫెలిసియాకీ ఎదురింటి ఆవిడకీ జుట్లు పట్టుకునే దాకా వస్తే మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. "ముందు మీరు తిట్టండి. అయ్యాక ఆవిడ. ఒకరు తిట్టేటప్పుడు ఇంకొకరు మాట్లాడకూడదు." ఫెలిసియా మొదలుపెట్టింది. నాలుగు తిట్లు తిట్టింది. ఎదుటావిడ నోరు మూసుకుని శ్రద్ధగా వింటోంది. అయిదో తిట్టు రాలేదు. "ఛీ, ఇలా ఎలా తిట్టుకుంటాం?" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. వంతు ప్రకారం పోట్లాడటం మనుషుల వల్ల అయ్యే పని కాదని మాకారోజు తెలిసింది.

తిండి దగ్గర మాత్రం ఆ పిచ్చి ఆయన్నే దెబ్బతీసింది. మా మగవాళ్లు ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తింటారు. ఎఫో కోకు మొదటిసారి మా ఇంట్లో జొన్నముద్దా బెండకాయ పులుసూ తినడానికి కూర్చున్నప్పుడు, ఒకరి తర్వాత ఒకరు ముంచుకుంటారనుకుని తన వంతు కోసం చూస్తూ ఉండిపోయాడు. వంతు వచ్చేసరికి చేప లేదు, ముల్లుంది. అగ్బెకో ఆ రోజు నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసి తిన్నా ముందుగా చేప ముక్క విరిచి ఆయన వైపు జరిపేవాడు. "నీ వంతెఫో" అనేవాడు.

మా ఆయన పోయాడు. జ్వరమన్నాడు, పడుకున్నాడు, లేవలేదు. వచ్చినవాళ్లు వచ్చారు, డప్పులు మోగాయి, వెళ్లినవాళ్లు వెళ్లారు. నల్లబట్ట కట్టుకుని నేనూ, మేకుకి ఆయన టోపీ, గదిలో మిగిలాం. మాకు పిల్లలు లేరు.

నా వారం వచ్చింది. పలక నా తలుపు మీద ఉండే ఉంటుంది, నేను చూడలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చినా లేవబుద్ధి కాలేదు. అప్పుడు బయట చీపురు చప్పుడు వినబడింది. సర్రు, సర్రు. పొట్టి చీపురు చప్పుడు. వింటూ మళ్లీ నిద్రపోయాను. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. తర్వాత బయటికి వచ్చి చూస్తే లోగిలంతా అరచందమామలు. నా చీపురు పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది.

నా వారం వచ్చినప్పుడల్లా ఇంతే. ఎవరో చూడాలని అనిపించేది. లేచి చూస్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని చూసేదాన్ని కాదు.

లోగిలి మాత్రం ఊరుకోదుగా.

"అక్కా, పొద్దున నువ్వు లేవలేదు, నేను చూశాను. మరి ఎవరు ఊడ్చారు?" అంది ఫెలిసియా. వెంటనే గొంతు తగ్గించింది. "అగ్బెకో అన్నేమో!"

"నోర్ముయ్" అంది అవ్వ. "వాడు బతికుండగా తిన్న కంచం తియ్యలేదు. చచ్చాక చీపురు పడతాడా?"

"పోయాక బుద్ధొచ్చిందేమో."

అవ్వ నేలకేసి వంగి చూసింది. "గీత జిగ్బోడిదే. కానీ అన్నీ ఒకే కొలతలో ఉన్నాయేంటే? చచ్చినవాడు కొలబద్ద ఎక్కడ సంపాదించాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి.

అదే రోజుల్లో ఎఫో కోకుకి నడుంనొప్పి పట్టుకుంది. చెయ్యి వీపు మీద పెట్టుకుని గోడ పట్టుకుంటూ నడిచేవాడు. ఫెలిసియా వేడి వేడి షియా గింజల వెన్న పెట్టి మర్దనా చేస్తుంటే జర్మన్‌లో మూలిగేవాడు. వారానికి తగ్గిపోయేది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చేది. "వాతావరణం" అనేవాడు. "అదేం నడుమయ్యా, అది కూడా వంతు వేసుకుంది!" అని అవ్వ వెక్కిరించేది. అందరం నవ్వేవాళ్లం. నొప్పి ఏ వారం వస్తోందో మాత్రం ఒక్కరం చూసుకోలేదు.

ఏడాది నిండవచ్చింది. నల్లబట్ట తీసే ముందు, ఈ ఇంట్లోనే ఉంటానా పుట్టింటికి పోతానా అన్నది పెద్దలు తేల్చాలి. పుట్టింట్లో అమ్మ లేదు. తమ్ముడి ఇల్లు పిల్లలతో నిండిపోయి ఉంది. అప్పుడే మా ఆయన అక్క దెలాలీ టెమా పట్నం నుంచి దిగింది. గుడ్డల వ్యాపారం ఆమెది. మా గది మీద ఆమెకి కన్నుంది, సరుకు దించుకోవడానికి. వచ్చిన రోజే దయ్యం కబురు ఫెలిసియా నోటి వెంట విని, కళ్లు చిన్నవి చేసింది.

మర్నాడు నా వారమే. తెల్లవారకముందే వంటపాకలో నక్కింది, చేతిలో మిరపపొడి పట్టుకుని. దయ్యమైతే కళ్లలో కొడదామని. చీపురు చప్పుడు మొదలవగానే "ఎవడ్రా అది!" అని దూకింది. గదిలో నాకు ఆమె కేక వినబడింది. దాని వెనకే గుసగుస.

"ష్! జిగ్బోడి నిద్రపోతోంది."

తలుపు తీశాను. ఎఫో కోకు వాకిట్లో రెండు మడతలుగా వంగి, నా పొట్టి చీపురు పట్టుకుని, ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని ఉన్నాడు. వంగడానికి పుట్టని మనిషి. నన్ను చూసి లేవబోయాడు. నడుం రాలేదు. అలాగే వంగి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

దెలాలీ మిరపపొడి దులుపుకుంది. ఆమె మొహంలో దయ్యం భయం పోయి, గది కనబడింది. "అయితే ఏడాదిగా ఇది చీపురు పట్టలేదన్నమాట!"

ఆ సాయంత్రమే పంచాయితీ. లోగిట్లోనే ఉండే మా ఆయన పెదనాన్న, ఇంటికి పెద్ద, ఆయన్ని అందరం తొగ్బే అంటాం, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. సారా సీసా విప్పి ముందుగా నేల మీద కొన్ని చుక్కలు పోసి పోయినవాళ్లను పిలిచాడు. ఎఫో కోకు మొహం వెలిగిపోయింది. "ముందు పోయినవాళ్లు, తర్వాత పెద్దలు, ఆ తర్వాత మనం. వంతంటే ఇదీ!" అని నా చెవిలో అన్నాడు. నా గది పోయేలా ఉంది, ఆయనకి వంతు ముచ్చట.

దెలాలీ మొదలుపెట్టింది. "తొగ్బే, మన ఇంటి మాట ఏంటి? వాకిలి ఊడ్చినన్నాళ్లే కోడలు ఇంటి మనిషి. చీపురు వదిలేస్తే ఇల్లు వదిలేసినట్టే. ఇది వదిలేసింది. తమ్ముడు పోయాడు, పిల్లలు లేరు, ఇంకా ఆ గది దీనికెందుకు?"

నేను తలొంచుకున్నాను. ఊడవలేదన్నది నిజం.

"కోకూ, నువ్వేమంటావు?" అన్నాడు తొగ్బే.

"ఆవిడ వంతు ఇంకా అయినట్టు లేదు. కానివ్వండి" అన్నాడు ఎఫో కోకు, చేతులు కట్టుకుని.

దెలాలీ మళ్లీ మొదలెట్టింది. గది గురించి చెప్పింది, సరుకు తడిసిపోతున్న సంగతి చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు. ఆయన కళ్లార్పకుండా, శ్రద్ధగా, తల ఊపుతూ వింటున్నాడు. కుళాయి దగ్గర ఫెలిసియాకి పట్టిన గతే దెలాలీకీ పట్టింది. చెప్పిందే చెప్పి, "ఇంతే" అని కూర్చుంది.

అప్పుడాయన లేచాడు. నడుం పట్టుకుని ముందుగా తొగ్బేని పలకరించాడు. ఇంట్లోవాళ్లెలా ఉన్నారని అడిగాడు. పిల్లలని అడిగాడు. మేకల్ని అడిగాడు. ఊరెళ్లినవాళ్లను అడిగాడు. దెలాలీ పిల్లల్ని పేరు పేరునా అడిగాడు. ఆఖరికి నేల వైపు తిరిగి, "అగ్బెకో ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. ఒక్క మాట తప్పలేదు, ఒక్క మాట మింగలేదు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"జిగ్బోడి ఊడవలేదు" అన్నాడు. "నేను ఊడ్చాను. అగ్బెకో నా వంతు చేప నాకు దాచేవాడు. వాళ్లింటి వంతు నేను పోనిస్తానా? కానీ తొగ్బే, నేను ఊరికే ఊడవలేదు. మా ఊళ్లో వంతు దానం చెయ్యం. బదులిస్తాం. ఈవిడ వంతులన్నీ నాకు బాకీ. అవి తీరేదాకా ఈవిడ ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు. వెళ్తే నా వారాలు ఎవరు ఊడుస్తారు?" అని దెలాలీ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మీరా?"

దెలాలీ పీట వెనక్కి జరుపుకుంది.

"ఆ పొడుగు చీపురుతోనే ఊడవవచ్చుగా నువ్వు? నడుం ఎందుకు విరగ్గొట్టుకున్నావ్?" అన్నాడు తొగ్బే.

"అది నా గీత అవుతుంది. ఈ వారం ఈవిడది."

తొగ్బే భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాం, నవ్వు. "విన్నావా దెలాలీ? నేనూ పొద్దున్నే చూస్తూనే ఉన్నాను. చీపురు కోడలిది, గీత కోడలిది. పట్టుకున్న చెయ్యి ఎవరిదైతే ఏం? పైగా బాకీ ఉన్న మనిషిని బయటికి పంపించిన వంశం కాదు మనది. బాకీ తీరనీ, అప్పుడు చూద్దాం." సీసా మూత బిగించేశాడు.

ఆదివారం నాడు పలక దెలాలీ పడుకున్న గది తలుపు మీద వేలాడింది.

"ఇదేంటయ్యా! నేను చుట్టపుచూపుగా వచ్చాను!"

"ఊడ్చినన్నాళ్లే ఇంటి మనిషి అని మీరే కదా చెప్పారు."

పాపం, వారమంతా సణుక్కుంటూ ఊడ్చింది. టెమా వెళ్లే రోజున, నల్లబట్ట తీశాక కట్టుకోమని తన సరుకులోంచి తెల్లబట్ట తీసి నా మంచం మీద పెట్టి, నాతో మాట్లాడకుండానే బండెక్కింది.

అప్పట్నుంచి ఎఫో కోకు వారాలు నేనే ఊడుస్తున్నాను. ఆయన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ మూలలు చూపిస్తాడు. అక్కడో ఆకు మిగిలిందంటాడు. నా గుండె మీద బరువు ఎప్పుడు తగ్గిందో తెలియదు కానీ, పొద్దున్నే లేవడం మళ్లీ అలవాటయ్యింది. ఈ లోగిట్లో ఊపిరి పీలుస్తున్నందుకు నేను రోజూ ఆ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, ఆ వెనకే మూలగది వైపు కూడా.

ఊడ్చి ఊడ్చి బాకీ దాదాపు తీరిపోయింది. ఒకే ఒక్క వంతు మిగిలింది, ఆ తర్వాత తొగ్బే అన్న 'అప్పుడు చూద్దాం'.

ఈ పొద్దున ఎఫో కోకు పలక పట్టుకుని వచ్చి నా తలుపుకి తగిలించాడు. "జిగ్బోడీ, ఇదే ఆఖరిది. ఇది అయిపోతే నువ్వు నాకేం బాకీ లేవు."

నేను గుమ్మంలో కూలబడి చెయ్యి వీపు మీద పెట్టుకున్నాను.

"నడుం నొప్పి ఎఫో."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే. వాతావరణం."

ఆయన నా వైపు చూశాడు. చీపురు వైపు చూశాడు. తొగ్బే ముక్కాలిపీట వైపు చూశాడు. చాలా గంభీరంగా తల ఊపాడు. "వంతు నొప్పి. నాకు తెలుసు. అది తగ్గదు." గదిలోకి వెళ్లి పొడుగు చీపురు తెచ్చుకున్నాడు.

లోగిలంతా తిన్నగా దువ్వుకుంటూ వచ్చి, నా గుమ్మం ముందుకి రాగానే ఆగాడు. ఆ కాస్త నేల బాకీ కింద వదిలేసి, చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నేనూ ఊడవలేదు. రాలిన మామిడాకులు అక్కడే ఉన్నాయి. ఫెలిసియా కోడి గోడ వార నుంచి దిగి, పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, హాయిగా అక్కడ గీరుకుంటోంది. అదిలించలేదు.